బడిలో పాప ఏ వాద్యం నేర్చుకోవాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు

కంటోన్మెంట్ నాన్న (విజయనగరం)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి నాలుగో తరగతి చదువుతోంది. వచ్చే నెల నుంచి బడిలో వారానికి రెండు పీరియడ్లు సంగీతానికి కేటాయిస్తున్నారు. వయొలిన్, వీణ, మృదంగం, కీబోర్డులలో ఒకటి ఎంచుకొని నెలాఖరులోగా చెప్పమన్నారు. 1919లో మహారాజా వారి సంగీత కళాశాల వెలసిన ఊరు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ ఆచార్యులుగా చేరి 1936లో ప్రిన్సిపాల్ అయిన ఊరు మాది కాబట్టి, నాకు వయొలిన్ తప్ప మరొకటి తోచలేదు. పాప మాత్రం మృదంగమే కావాలంటోంది. ఆడపిల్లకు మృదంగమేమిటని మా అమ్మ అభ్యంతరం. నా కోరికను పాప మీద రుద్దుతున్నానేమోనన్న సందేహంతో ఇక్కడ అడుగుతున్నాను.

వయొలిన్ టీచరమ్మ (విజయనగరం)

నమస్కారమండీ. వయొలిన్ నేర్పేదాన్నే అయినా, మీ పాపకు అదే తగినదని చూడకుండా చెప్పలేను. వీణకు ఉన్నట్టు వయొలిన్‌కు స్వరస్థానాలు చూపే మెట్లు ఉండవు. స్వరం ఎక్కడ పలుకుతుందో చెవి చెబితే వేలు అక్కడికి వెళ్లాలి. అందువల్ల మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు, అంటే తొలి పాఠాలు, కాస్త శుద్ధంగా వినిపించడానికే చాలా మంది పిల్లలకు నెలలు పడుతుంది. అంతకాలం ఇంట్లో కీచు శబ్దమే వినిపిస్తుంది. ఆ రోజుల్లో పెద్దలు విసుక్కుంటే పిల్లలు కమాను (వాయించే పుల్ల) పక్కన పెట్టేస్తారు. మీరు ఒక స్వరం పాడి, పాపను అదే స్వరం అందుకోమనండి. సరిగా అందుకుంటే, తప్పినప్పుడు తానే దిద్దుకుంటే, వయొలిన్‌కు కావలసిన చెవి ఉన్నట్టే.

కొలత విషయంలో తొందరపడవద్దు. తొమ్మిదేళ్ల పిల్లలకు సాధారణంగా అర సైజు గాని, ముప్పావు సైజు గాని సరిపోతుంది. చాలా ఏళ్ల క్రితం ఎనిమిదేళ్ల బాబు ఒకడు తాతగారి పూర్తి సైజు వయొలిన్‌తో వచ్చాడు. ఇంట్లో వారి ముచ్చట కాదనలేక నేనూ ఊరుకున్నాను. నాలుగో వేలు అందక, మణికట్టు నొప్పితో నాలుగు నెలలకే మానేశాడు. మొదటి రోజే వద్దని చెప్పనందుకు నేటికీ బాధపడుతుంటాను.

బొబ్బిలి తల్లి

వీణ సంగతి నేను చెబుతాను. మా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారని అందరూ వినే ఉంటారు. అక్కడే దొరికే చిన్న వీణలను చూసి పిల్లలకు సరిపోతాయనుకొని కొనవద్దు. అవి జ్ఞాపికలుగా ఇచ్చుకోవడానికి చేసినవి, సాధనకు పనికిరావు. మా అబ్బాయి తొమ్మిదో ఏట వీణ పట్టాడు. ఇరవై నాలుగు మెట్లు కుదురుగా ఉంటాయి కాబట్టి తీగ నొక్కగానే స్వరం పలికింది, ఆ ఆనందమే వాణ్ణి నిలబెట్టింది. కానీ పై మెట్ల దాకా చెయ్యి చాచడానికి ఒళ్లంతా వంచేవాడు. తీగ ఒరిసి వేలి కొసలు కందేవి, కొబ్బరినూనె రాసేదాన్ని. పదకొండేళ్లు దాటాకే కూర్చునే తీరు కుదిరింది. మెట్లు మైనంలో కూర్చినవి కనుక వీణను ఎండలో గాని, మూసిన కారులో గాని ఉంచకూడదు. రోజూ బడికి మోసుకెళ్లే వాద్యం కాదు కాబట్టి, బడిలో వేరే వీణ ఉందో లేదో ముందే కనుక్కోండి.

రాజాం ఉపాధ్యాయుడు

కీబోర్డు మీద స్వరస్థానాలు త్వరగా తెలుస్తాయి, ఖర్చూ తక్కువ. అయితే మెట్టు మీద తీగను లాగి పలికించే గమకం దాని మీద రాదు. కర్ణాటక సంగీతమే నేర్పించాలనుకుంటే అదొక్కటే చాలదని నా అభిప్రాయం.

శ్రీకాకుళం అమ్మ

మీ అమ్మగారి మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మా పాప మూడేళ్లుగా మృదంగం నేర్చుకుంటోంది. మొదట్లో మా ఇంట్లోనూ ఇదే మాట అన్నారు. మృదంగానికి కావలసింది కండబలం కాదు. లయ, ఓపిక, నిటారుగా కూర్చోగల నడుము. గురువుగారు తొలి నెలలో వాద్యం ముట్టనివ్వలేదు. చేత్తో తాళం వేస్తూ ‘త ధి తొం నం’ అని మూడు కాలాల్లో నోటితో చెప్పించారు. మా పాప అన్నం తింటూ కూడా అదే చెప్పేది. దానిమీద అంత ఇష్టం ఉందని అప్పుడే తెలిసింది. మీరూ కొనడానికి ముందు ఒక నెల అలా చెప్పించి చూడండి. కొనేటప్పుడు హెచ్చు శ్రుతి మృదంగం తీసుకోండి. తగ్గు శ్రుతి మృదంగం కన్నా ఇది పొట్టిగా ఉంటుంది కాబట్టి చిన్న చేతులకు అందుతుంది.

కంటోన్మెంట్ నాన్న (విజయనగరం)

మీ అందరికీ కృతజ్ఞతలు. టీచరమ్మ గారు చెప్పినట్టు స్వరం పాడి అందుకోమన్నాను. పాప చక్కగానే అందుకుంది, నాలో ఆశ మళ్లీ లేచింది. మరునాడు బడి వారిని అడిగి నాలుగు వాద్యాల దగ్గరా కాసేపు కూర్చోబెట్టించాను. వయొలిన్ దగ్గర బుద్ధిగా కూర్చుంది. మృదంగం దగ్గర నుంచి లేవమన్నా లేవలేదు. ఇంటికి వచ్చాక మా అమ్మ ముందే బల్ల మీద తాళం వేసి చూపించింది. అమ్మ చాలాసేపు విని, బల్ల పగలగొట్టకుండా ఉంటే చాలంది. మృదంగానికే పేరు ఇచ్చాం. ఎడమ వైపు రవ్వ ముద్ద పెట్టాలంటున్నారు, అది ఇంట్లో పిల్లలు చేసుకోగలరా?

శ్రీకాకుళం అమ్మ

చేసుకోగలరండీ. బొంబాయి రవ్వను నీళ్లతో మెత్తగా కలిపి, ఎడమ మూత మధ్యలో గుండ్రంగా అద్దాలి. నాదం గంభీరంగా పలికేదాకా కొద్దికొద్దిగా చేర్చమనండి. సాధన అయిన వెంటనే తీసేసి, తడిబట్టతో తుడిచి ఆరనివ్వాలి. ఎండిపోనిస్తే గీకేటప్పుడు తోలు దెబ్బతింటుంది. మొదటి వారం పక్కన మీరు కూర్చోండి, తరువాత తనే చేసుకుంటుంది.