రాత్రి ఆగి ఎండెక్కాక వచ్చే డేటా: లోపం బ్యాటరీలోనా, యాంటెన్నా కేబుల్లోనా?

తీరరేఖ
సముద్ర మట్టం కొలిచే స్టేషన్ ఇది. రాత్రి 2 దాటాక సర్వర్‌కి డేటా రాదు, ఎండెక్కాక మళ్లీ మొదలవుతుంది. లాగర్ (రీడింగులు నమోదు చేసే పరికరం) మెమరీలో మాత్రం ఒక్క రీడింగూ పోలేదు. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, సోలార్ ప్యానెల్, మొబైల్ నెట్‌వర్క్ మోడెమ్ ఉన్నాయి. దీన్ని వదిలేసి శాటిలైట్‌కి మారడమే మంచిదా?

ఓమ్‌మీటర్
వద్దండి. లోపం పవర్‌లో ఉంటే శాటిలైట్ ట్రాన్స్‌మిటర్ కూడా ఇలాగే పడుకుంటుంది. లాగర్ నేరుగా బ్యాటరీకి, మోడెమ్ చార్జ్ కంట్రోలర్ (సోలార్ ప్యానెల్ నుంచి బ్యాటరీ చార్జింగ్‌ని అదుపు చేసే పరికరం) లోడ్ టెర్మినల్‌కి ఉన్నాయేమో చూడండి. వోల్టేజీ పడిపోగానే కంట్రోలర్ లోడ్‌ని కట్ చేస్తుంది, బ్యాటరీ బాగా కోలుకునేదాకా తిరిగి కలపదు. లాగర్ బతికుండి మోడెమ్ ఒక్కటే పోవడానికి కారణం అదే.

వైరు కూడా చూడాలి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 20 మీటర్ల దూరం లాగితే, రానూపోనూ 40 మీటర్లు. 1 ఆంపియర్‌కే దాదాపు అర వోల్టు అందులోనే పోతుంది. సగటు వోల్టేజీ చూసి బ్యాటరీ బాగుందనుకోకండి. డేటా పంపే సమయంలో సెకనుకోసారి కొలిచి, కనిష్ఠ విలువను రికార్డు చేయించండి.

కోయాక్స్
రాత్రి అనగానే బ్యాటరీ మీదికి వెళ్లడం తొందరపాటు. మంచు పడేదీ రాత్రే. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీటిని పీల్చుకుంటుంది. సీల్ సరిగా లేని కనెక్టర్లోకి ఆ ఉప్పునీరు దిగితే సిగ్నల్ పడిపోతుంది, ఎండకి ఆరితే తిరిగొస్తుంది.

ఇంకో మాట, కింద నిలబడి ఎస్‌డబ్ల్యూఆర్ (సిగ్నల్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత, తక్కువుంటే మంచిది) కొలిచి కేబుల్ బాగుందని తేల్చకండి. తడిసిన కేబుల్ వెళ్లే సిగ్నల్‌నీ తినేస్తుంది, తిరిగొచ్చేదాన్నీ తినేస్తుంది. కేబుల్ నష్టం 5 డెసిబెల్స్ ఉంటే, పైన యాంటెన్నా అసలు లేకపోయినా మీటర్ 2 లోపే చూపిస్తుంది! యాంటెన్నా తీసేసి, పైకొన ఖాళీగా ఉంచి, కింద రిటర్న్ లాస్ (పంపిన సిగ్నల్ తిరిగొచ్చేసరికి ఎంత తగ్గిందో) కొలవండి. అందులో సగం కేబుల్ నష్టం. కొత్త కేబుల్ లెక్క కంటే బాగా ఎక్కువొస్తే మార్చేయాల్సిందే, ఆరబెట్టి వాడొద్దు. కేబుల్ లోపలి లోహపు జాలీ నల్లబడితే ఇక బాగుపడదు.

తీరరేఖ
రెండూ రాత్రికే సరిపోతున్నాయి కదా. టవర్ ఎక్కకుండా తేల్చుకునే దారి ఉందా?

ఓమ్‌మీటర్
ఉంది. మోడెమ్ అప్‌టైమ్ (ఆగకుండా ఎంతసేపు నడిచిందో), సిగ్నల్ బలం, కనిష్ఠ వోల్టేజీ, మూడూ 5 నిమిషాలకోసారి లాగర్లోనే రాయించండి, సర్వర్‌కి పంపితే సరిపోదు. ఉదయానికి అప్‌టైమ్ సున్నా నుంచి మొదలై, వోల్టేజీ కూడా పడి ఉంటే లోపం నేను చెప్పినచోటే. అప్‌టైమ్ తెగకుండా సిగ్నల్ మెల్లగా జారిపోయి ఉంటే కోయాక్స్ గారి మాటే నిజం.

కోయాక్స్
ఈ పరీక్షకి నేనూ ఒప్పుకుంటాను. అయితే వోల్టేజీ బాగుండి అప్‌టైమ్ మాత్రం తెగితే బ్యాటరీ కొనకండి. కనెక్షన్ దొరక్కపోతే తనను తాను రీస్టార్ట్ చేసుకునే సెట్టింగ్ చాలా మోడెమ్‌లలో ఉంటుంది. పరీక్ష జరిగే రాత్రులు దాన్ని ఆపి ఉంచండి.