అప్‌డేట్: విదేశంలోని అక్కకు పంపిన పార్శిల్‌పై పడిన సుంకం వెనక్కి వచ్చింది

బహుమతిగా పంపిన పార్శిల్‌కు అక్క దగ్గర కస్టమ్స్ సుంకం ఎందుకు వసూలు చేశారని ఆరు వారాల క్రితం ఇక్కడే అడిగాను. ఓపికగా జవాబులు రాసిన అందరికీ కృతజ్ఞతలు.

పార్శిల్‌తో పంపిన కస్టమ్స్ ఫారం నకలు చూడమని చెప్పినవారి మాటే నిజమైంది. వివరాల గడిలో నేను ‘బహుమతి వస్తువులు’ అని మాత్రమే రాసి, మొత్తం విలువ ఒక్కటే వేశాను. లోపల ఏముందో తెలియక కస్టమ్స్ అధికారులు విలువను తామే అంచనా వేశారట. ఆ అంచనా, అక్కడ బహుమతులకు సుంకం మినహాయించే విలువ పరిమితిని దాటింది. అక్క కొనుగోలు రసీదులు జతచేసి పునఃపరిశీలనకు దరఖాస్తు పెట్టింది. సుంకం తిరిగి ఇచ్చారు. కొరియర్ సంస్థ తీసుకున్న క్లియరెన్స్ రుసుము మాత్రం రాలేదు. అది ప్రభుత్వ పన్ను కాదు, వారి సేవకు ధర. నాకు ఇప్పటికీ బాధగా ఉన్నది అదే.

రెండో పార్శిల్‌ను తపాలా ద్వారా పంపాను. సీఎన్ 23 అనే తపాలా కస్టమ్స్ ఫారంలో ‘నూలు చొక్కా, కొత్తది, 2’ అన్నట్టు ఒక్కో వస్తువుకు పేరు, సంఖ్య, బరువు, అసలు విలువ, 6 అంకెల హెచ్‌ఎస్ కోడ్ (వస్తువు రకాన్ని తెలిపే అంతర్జాతీయ సంఖ్య) రాసి, ‘బహుమతి’ గడిలో టిక్ పెట్టాను. ఏ రుసుమూ లేకుండా చేరింది.

పెట్టె పరిమాణం, ప్యాకింగ్ వల్ల సుంకం పడిందేమోనని అప్పుడు నేను అనుమానపడ్డాను, కానీ వాటికి దీనితో సంబంధం లేదు. ఫారంలో విలువ తగ్గించి రాయమని వచ్చిన సలహా పాటించలేదు. దొరికితే జరిమానా పడుతుంది, పార్శిల్ పోతే పరిహారమూ ఆ తక్కువ విలువకే అందుతుంది. పంపే ముందు, చేరే దేశపు కస్టమ్స్ వెబ్‌సైట్‌లో బహుమతుల పరిమితి చూసుకోండి.