ఓడ దిగి ఒక్క పూటలో కొచ్చి తిరిగితే, చూసినట్టేనా?

చిత్రావతి
అందరికీ నమస్కారం. జనవరిలో నేను, మా ఆయన, మా అత్తగారు ముంబైలో ఓడ ఎక్కుతున్నాం. ఓడ శనివారం పొద్దున ఎనిమిదికి కొచ్చిలో ఆగుతుంది. సాయంత్రం అయిదున్నరకల్లా మళ్లీ ఎక్కేయాలి. అత్తగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. "ఆ కాస్త టైములో ఏం చూస్తారు వదినా, నాలుగు ఫోటోలు దిగి రావడమేగా. ఓడలోనే హాయిగా కూర్చోండి, కొచ్చికి ఇంకోసారి రైల్లో వెళ్లొచ్చు" అన్నాడు మా మరిది. అప్పట్నించీ మనసు పీకుతోంది. నిజంగా అంతేనా? దిగితే ఓడవాళ్ల బస్సు టూరుకు డబ్బు కట్టాలా, సొంతంగా వెళ్లాలా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

తోప్పుంపడి తెలుగువాడు
మీ మరిది గారి మాటే నా మాట కూడా. కొచ్చిలో ఆరేళ్లు ఉద్యోగం చేశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఈ ఊరిని తయారు చేసింది ఆగిపోయినవాళ్లు. నైరుతి గాలిని పట్టుకుని అరబ్బు తీరం నుంచి వచ్చిన వర్తకులు తిరిగి వెళ్లాలంటే ఈశాన్య గాలి మొదలవ్వాలి. అందాకా నెలల తరబడి మలబారు రేవుల్లో ఉండాల్సిందే. ఆ ఉండటంలోనే ఇళ్లు కట్టుకున్నారు, సంసారాలు పెట్టుకున్నారు, ఎవరి దేవుడికి వాళ్లు గుడి కట్టుకున్నారు. కొచ్చి పాత పేట మట్టాంచేరిలో కాసేపు నడిస్తే చాలు, యూదుల ప్రార్థనా మందిరం సినగాగు, గుజరాతీల జైన గుడి, కచ్ఛీ మేమన్ల మసీదు, కొంకణీల తిరుమల దేవస్వం అన్నీ కనిపిస్తాయి. ఆ చివరి గుడిలో ఉన్నది మన వెంకన్నే. అలాంటి ఊళ్లో ఈ కొద్ది గంటలు ఏ మూలకి?

ఒక రోజు ఫోర్ట్ కొచ్చిలో సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి ముందు టూరిస్టు బస్సు ఆగడం కళ్లారా చూశాను. చర్చికి పావుగంట ఇచ్చారు, ఆ తర్వాత కార్పెట్లు, నగలు అమ్మే పెద్ద షాపులో ముప్పావుగంట ఉంచారు. పాపం, దిగినవాళ్లకి తాము ఏ వీధిలో ఉన్నారో కూడా తెలీదు. నాకు బాధేసింది.

భీమిలి బీచ్
తెలుగువాడు గారూ, గుళ్ల సంగతి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ మీరు రైలు దిగి కొచ్చి చూశారు, నేను సముద్రం మీంచి చూశాను. రెండూ ఒకటి కాదండీ.

రెండేళ్ల కిందట నేనూ ఇలాగే ఓడలో వెళ్లాను. అయిదున్నరకే డెక్ మీదికి వచ్చి నిలబడ్డాను. ఓడ వేగం తగ్గించి రేవు ముఖద్వారంలోకి వస్తుంటే ఓ పక్క ఫోర్ట్ కొచ్చి, ఇంకో పక్క వైపిన్ దీవి, రెండు గట్ల మీదా చీనా వలలు నీళ్ల మీదికి వంగి ఉన్నాయి. ఆ సందులోంచే కదా వాస్కో డ గామా పడవలూ, డచ్చివాళ్లవీ వచ్చింది అనుకుంటే ఒళ్లు జలదరించింది. 1341లో పెరియార్ నదికి పెద్ద వరద వచ్చి పాత ముజిరిస్ రేవు పూడిపోయిందని, ఇక్కడ దారి తెరుచుకుందని చెబుతారు. ఆ దారి ఎంత ఇరుకో, ఎంత విలువైనదో ఓడ మీంచి చూస్తేనే తెలుస్తుంది. ఇక మనం దిగే విల్లింగ్డన్ దీవి మనుషులు చేసిన నేల. ముఖద్వారానికి అడ్డంగా ఉన్న ఇసుక మేటను 1920లలో రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరు తవ్వించాడు. అలా తవ్విన మట్టితో నింపిందే ఆ దీవి. ఓడలో వచ్చేవాడు కొచ్చి చరిత్ర మీదే కాలు పెడతాడు.

తర్వాత నేను చేసిందల్లా ఒక్కటే. బస్సు ఎక్కకుండా తిన్నగా వలల దగ్గరికి వెళ్లి రెండు గంటలు కూర్చున్నాను. ఒక్కో వలకి నలుగురైదుగురు మనుషులు. ఒకాయన దూలం మీద నీళ్ల వైపు నడుస్తాడు, ఆయన బరువుకే వల మెల్లగా మునుగుతుంది. నాలుగైదు నిమిషాలు ఆగి అందరూ తాళ్లు పట్టి లాగుతారు. వెనక తాళ్లకి కట్టిన పెద్ద పెద్ద రాళ్లు ఒక్కొక్కటీ నేలకి దిగుతుంటే వల పైకి లేస్తుంది. నేను చూసినంతసేపూ ఒక్కో లాగుడుకి గుప్పెడు చేపలే పడ్డాయి. మిగతావన్నీ నీళ్ల మీద తేలే గుర్రపుడెక్క ఆకులు. ఆ ఆకుల్ని ఏరి పారేసి మళ్లీ దించారు. ఓ ముసలాయన నన్ను పిలిచి తాడు చేతికిచ్చాడు, అరచేతులు మండిపోయాయి. ఇది చూడటం కాదంటే ఎలా?

మిరియాల బస్తా
మా మేనమామ మట్టాంచేరిలో సుగంధ ద్రవ్యాల వ్యాపారం చేసేవాడు, చిన్నప్పుడు సెలవులకి వెళ్లేవాళ్లం. నాకు అనిపించేది వేరే. ఎన్ని గంటలన్నది కాదు, ఆ గంటలు ఎవరి చేతిలో పెడతామన్నది. ఓడవాళ్ల ప్యాకేజీలో పోతే మన డబ్బు పెద్ద షాపులకే చేరుతుంది. బజార్ రోడ్డులో నడిస్తే టీ కొట్టు అతనికి, ఆటో అతనికి, మిరియాలు కొలిచి ఇచ్చే చిన్న కొట్టుకి అందుతుంది. ఆ వీధిలో గోదాముల వాకిళ్లలో అల్లం ఆరబోసి ఉంటుంది. సున్నం పట్టించిన శొంఠి ఎండలో తెల్లగా మెరుస్తుంటే ఘాటు దూరం నుంచే ముక్కుకి తగులుతుంది. ఆ వాసన పీలిస్తే అర్థమవుతుంది, పోర్చుగీసువాళ్లు ఎందుకు అంత దూరం నుంచి వచ్చారో.

ఆటోతో మాత్రం ముందే గట్టిగా చెప్పండి, "షాపులొద్దు" అని. పోయినసారి మమ్మల్ని ఒకతను అడక్కుండానే మూడు షాపుల ముందు ఆపాడు. కమీషన్ కోసం. గంటన్నర పోయింది.

నడక మాస్టారు
చిత్రావతి గారూ, మీది శనివారం అన్నారు. సినగాగు శనివారం మూసేస్తారు, అది వాళ్ల విశ్రాంతి దినం. 1568లో కట్టిన ఆ మందిరాన్ని, నేల మీద పరిచిన చీనా నీలి పలకల్ని చూద్దామని ఆశ పెట్టుకుంటే ఇప్పుడే వదులుకోండి. పక్కనే ఉన్న మట్టాంచేరి ప్యాలెస్‌కి శుక్రవారం సెలవు కాబట్టి మీకు దొరుకుతుంది. డచ్ ప్యాలెస్ అంటారు గానీ పోర్చుగీసువాళ్లు కట్టి కొచ్చి రాజుకిచ్చినది, డచ్చివాళ్లు తర్వాత బాగు చేయించారు. రాజుగారి పడకగది గోడల నిండా రామాయణమే, దశరథుడి యాగం దగ్గర్నుంచి మొదలవుతుంది. మీ అత్తగారికి ఎవరూ వివరించక్కర్లేదు, ఆవిడే మీకు చెబుతారు. మెట్లు ఉన్నాయి, నెమ్మదిగా ఎక్కించండి.

ఇక బస్సు సంగతి. ఓడవాళ్ల టూరు ఆలస్యమైతే మామూలుగా ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆగదు. ఫోర్ట్ కొచ్చి నుంచి ఓడ దగ్గరికి రోడ్డు మీద తోప్పుంపడి వంతెన చుట్టి రావాలి, సాయంత్రం అక్కడ రద్దీ. పెద్దావిడతో ఉన్నారు కాబట్టి ఆ టెన్షన్ చిన్నది కాదు.

తోప్పుంపడి తెలుగువాడు
భీమిలి గారూ, తాడు లాగిన సంగతి చదివాక కాస్త మెత్తబడ్డాను. ఆరేళ్లున్నా నేను ఒక్కసారీ ఆ తాడు పట్టుకోలేదు. అయినా ఓడలో వచ్చే వందమందిలో మీలా ఒక్కచోట కూర్చునేది ఎందరు? మిగతావాళ్లు ఊరికి వెళ్లొచ్చామని చెప్పుకుంటారు, అక్కడే నాకు అభ్యంతరం. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో గామా సమాధి రాయి చుట్టూ మూగి ఫోటో తీసుకుంటారు. 1524లో ఇక్కడ పాతిపెట్టిన ఆయన్ని 1539లోనే పోర్చుగల్‌కి తీసుకుపోయారన్నది చాలామంది వినరు. తలెత్తి ఆ పొడవాటి గుడ్డ పంకాలూ చూడరు. వాటి తాళ్లు గోడ బయట కూర్చున్న మనుషులు లాగేవారు. లోపల దొరలు ప్రార్థన చేసుకుంటుంటే ఎండలో కూర్చుని లాగిన ఆ చేతుల గురించి తలుచుకోవాలంటే పావుగంట చాలదండీ.

చిత్రావతి
అందరికీ చాలా థ్యాంక్స్. మీరు రాసినవన్నీ అత్తగారికి చదివి వినిపించాను. వెంకన్న గుడి, రామాయణం గోడలు, ఈ రెండూ ఆవిడ పట్టుకుని కూర్చున్నారు. కాబట్టి దిగుతున్నాం. బస్సు వద్దు, రోజంతటికీ ఒక కారు మాట్లాడుకుంటాం. పొద్దున్నే మట్టాంచేరిలో గుడి, ప్యాలెస్. తర్వాత వలల దగ్గర ఎంతసేపైతే అంతసేపు. చర్చికి వెళ్తే తలెత్తి పంకాలు చూస్తాను, తెలుగువాడు గారూ, మాట.

తోప్పుంపడి తెలుగువాడు
అయితే గుడికి ముందు వెళ్లండి, అక్కడి గుళ్లు మధ్యాహ్నం తలుపులు మూసేస్తారు. లోపలికి మీ ఆయన చొక్కా విప్పాలి, పంచె ఉంటే సంచిలో పెట్టుకోండి. మూడున్నరకల్లా ఫోర్ట్ కొచ్చి నుంచి బయల్దేరిపోండి. ఒక్క పూట చాలదన్న నా మాట మాత్రం అలాగే ఉంది. అత్తగారికి నచ్చితే వచ్చే ఏడు రైల్లో రండి, నాలుగు రోజులుండేలా.