బిల్లు బాకీ ఉందని కేస్‌షీట్ ఆపొచ్చా?

గోదారిగట్టు:
ఆపరేషన్ వికటించి రెండోసారి కోయాల్సి వచ్చిన పేషెంటుకి ప్రైవేటు ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ మాత్రమే చేతిలో పెట్టింది. కేస్‌షీట్ అడిగితే మిగతా బిల్లు కట్టాకే అంటున్నారు. చట్టం ఒప్పుకుంటుందా? వెళ్లాల్సింది పోలీసుల దగ్గరికా, మెడికల్ కౌన్సిల్‌కా, వినియోగదారుల కమిషన్‌కా?

రికార్డ్‌రూం:
ఒప్పుకోదండి. డాక్టర్ల ప్రవర్తనకు సంబంధించిన 2002 నాటి నిబంధనల్లో 1.3.2 చూడండి. పేషెంటుగానీ, ఆయన రాసిచ్చిన మనిషిగానీ అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలి. బిల్లు ఊసే అందులో లేదు. 2023 ఆగస్టులో తెచ్చిన కొత్త నిబంధనలను ఆ నెలలోనే పక్కన పెట్టేశారు కాబట్టి పాతవే నడుస్తున్నాయి. ఆసుపత్రి ఇన్‌పేషెంట్ రికార్డులు భద్రపరచాల్సింది చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లే. నాన్చకండి.

చాలామంది దెబ్బతినేది నోటిమాటగా అడిగి ఊరుకోవడం వల్ల. అర్జీ రెండు ప్రతులు రాసి, ఒకదానిమీద స్టాంపు, తేదీ, సమయం వేయించుకోండి. తీసుకోనంటే స్పీడ్ పోస్టు, దాంతోపాటు మెయిల్. అర్జీ అందినట్టు రుజువుంటేనే 72 గంటల లెక్క నిలబడుతుంది. "రికార్డులివ్వండి" అని మాత్రం రాయకండి, మళ్లీ ఆ సమ్మరీయే ఇస్తారు. అడ్మిషన్ నోట్స్, రోజువారీ డాక్టర్ నోట్స్, నర్సుల చార్టు, మందుల చార్టు, ఆపరేషన్ నోట్స్, మత్తు డాక్టర్ రికార్డు, సంతకం చేసిన అంగీకార పత్రం, ల్యాబ్ రిపోర్టులు, స్కాన్ సీడీలు అని విడివిడిగా అడగండి. పేజీ నంబర్లు వేయించి, ప్రతి పేజీ మీదా ఆసుపత్రి ముద్ర ఉండేలా చూసుకోండి. జ్వరం ఎప్పుడు మొదలైందో, డాక్టర్‌కి ఎప్పుడు కబురు పెట్టారో తెలిసేది చాలాసార్లు నర్సుల చార్టులోనే.

వకీలుబల్ల:
మూడు దారులూ మూడు వేర్వేరు పనులకి. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ డాక్టర్ మీద చర్య తీసుకోగలదు, పరిహారం ఇప్పించలేదు. రికార్డులివ్వకపోవడం మీద ఫిర్యాదు మాత్రం అక్కడ చేయొచ్చు.

పోలీసుల దారి నాకైతే చివరిది. నేర చట్టమైన భారతీయ న్యాయ సంహితలో 106(1) సెక్షన్ నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తేనే వర్తిస్తుంది, డాక్టర్‌కి గరిష్ఠంగా రెండేళ్ల శిక్ష. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు క్రిమినల్ కేసుకి మామూలు నిర్లక్ష్యం చాలదని, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని చెప్పింది. పోలీసులు ముందుకెళ్లే ముందు మరో డాక్టర్ అభిప్రాయం, వీలైతే ప్రభుత్వ డాక్టర్‌ది, తీసుకోవాలనీ చెప్పింది.

పరిహారానికి జిల్లా వినియోగదారుల కమిషన్. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. ఆసుపత్రికి కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 50 లక్షల వరకూ జిల్లా కమిషనే. కోటి పరిహారం అడుగుతున్నాం కదా అని నేరుగా రాష్ట్ర కమిషన్‌కి పోతే ఫైలు తిరిగొస్తుంది. 2019 వినియోగదారుల చట్టంలో పరిధి తేలేది కట్టిన సొమ్మును బట్టి, కోరే పరిహారాన్ని బట్టి కాదు.

కేసు వేయడానికి గడువు రెండేళ్లు. లోపల వదిలేసిన గుడ్డ తర్వాతెప్పుడో స్కాన్‌లో బయటపడితే అప్పటినుంచి లెక్కించమని అడగొచ్చు. అయితే నొప్పి ఉన్నా ఏళ్లతరబడి పరీక్ష చేయించుకోకుండా ఉంటే ఆ వాదన నిలవదు.

గోదారిగట్టు:
నిపుణుడి అభిప్రాయం లేకుండా కేసు వేయొచ్చా? ప్రభుత్వాసుపత్రి అయితే?

వకీలుబల్ల:
వేయొచ్చు. హైదరాబాద్‌లో మలేరియా పేషెంటుకి టైఫాయిడ్ వైద్యం చేసిన కేసులో, ప్రతి ఫిర్యాదుకీ నిపుణుడి అభిప్రాయం అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. తప్పు పైకే కనిపిస్తే కాగితాలే మాట్లాడతాయి. ఇన్ఫెక్షన్ లాంటి వ్యవహారంలో మాత్రం, జాగ్రత్తగా చేసినా రావచ్చని అవతలివాళ్లు వాదిస్తారు. అక్కడ సర్జన్ అభిప్రాయం లేకుండా వెళ్లడం నేనైతే సలహా ఇవ్వను.

రికార్డ్‌రూం:


ప్రభుత్వాసుపత్రి రికార్డులకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, జవాబు గడువు 30 రోజులు. అందరికీ పూర్తి ఉచితంగా చేసే ఆసుపత్రి వినియోగదారుల చట్టంలోకి రాదు. కొందరి దగ్గర డబ్బు తీసుకునే చోటైతే, ఉచితంగా చేయించుకున్నవారూ వేయొచ్చని 1995 నాటి శాంత కేసులో సుప్రీంకోర్టు తీర్పు.