సర్వేలో ‘ఇంకా ఏమీ అనుకోలేదు’ అనేవాళ్లను ఏ లెక్కలో వేయాలి?

అందరికీ నమస్కారం. ఎంఏ ప్రాజెక్టు కోసం గుంటూరు జిల్లాలో 400 మందిని కలిసి, రేపు అసెంబ్లీ ఎన్నికలు పెడితే ఓటెవరికని అడుగుతున్నాను. ఓటరు జాబితాలోంచి లాటరీ తీసి పేర్లు ఎంచుకున్నాను, అంతవరకు బాగానే ఉంది. చిక్కంతా గుమ్మం దగ్గరే. నిన్న ఒక పెద్దమ్మ మిరపకాయల తొడిమలు తీస్తూ ‘అందరూ మనోళ్లే కదయ్యా’ అంది. కొడుకు పక్కనే ఉన్నాడు. అతను లోపలికెళ్లాక గొంతు తగ్గించి వేరే మాట చెప్పింది.

ఇలా దాటేసేవాళ్లు నలుగురిలో ఒకరు తగులుతున్నారు. వాళ్లను వదిలేసి మిగతావాళ్లతోనే శాతాలు కట్టొచ్చా? నాకైతే తప్పనిపిస్తోంది. భయపడి నోరు విప్పనివాళ్లంతా ఒకవైపే ఉంటే లెక్క తలకిందులే. ఎన్నికల సర్వేలు చేసే లోక్‌నీతి సంస్థ వాళ్లలా నమూనా బ్యాలెట్ ఇచ్చి, మడిచి డబ్బాలో వేయమంటే మనసులో మాట బయటికొస్తుందా?

2024లో ఆంధ్రప్రదేశ్‌లో వైసీపీకి 39 శాతం దాకా ఓట్లొచ్చినా 175లో 11 సీట్లే దక్కాయి. అందుకే సీట్ల జోలికి పోను. 400 మందికి అటూఇటూ 5 శాతం తేడా ఉంటుందని తెలుసు, ఆడవాళ్లను విడిగా లెక్కిస్తే అదెంతవుతుంది? ఊళ్లు తిరిగి సర్వే చేసినవాళ్లు దయచేసి చెప్పండి.