మిస్‌మ్యాచ్ రిపేర్: తప్పు ఏ స్ట్రాండ్‌లో ఉందో కణానికి ఎలా తెలుస్తుంది?

ప్రశ్న:
నమస్కారమండీ, ఎమ్మెస్సీ బయోటెక్ చదువుతున్నాను. డీఎన్ఏ కాపీ అయ్యేటప్పుడు పడే తప్పు జతల్ని కణం సరిచేసుకోవడమే మిస్‌మ్యాచ్ రిపేర్ కదా. ఈ.కోలై బ్యాక్టీరియాలో కొత్త స్ట్రాండ్‌కి ఇంకా మిథైల్ గుర్తు పడదు కాబట్టి కణం దాన్నే సరిచేస్తుందని పాఠంలో ఉంది. ఆ గుర్తు వేసే డామ్ ఎంజైమే లేని మ్యూటెంట్‌లో రెండు స్ట్రాండ్లకూ గుర్తు ఉండదు కదా, అప్పుడు రిపేర్ ఆగిపోతుందా? మన కణాల్లో అసలు ఆ గుర్తే వాడరంటారు, మరి అక్కడ ఎలా?

జవాబు 1:
ఆగదండీ, ఆగకపోవడమే అక్కడి చిక్కు.

మామూలు కణంలో ఏం జరుగుతుందో ముందు చూడండి. జీ-టీ లాంటి తప్పు జత మీద మ్యూట్ఎస్ అనే ప్రోటీన్ వాలుతుంది, ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) పట్టుకుని మరో ప్రోటీన్ మ్యూట్ఎల్‌ని రప్పిస్తుంది. ఆ రెండూ కలిసి కోసే ఎంజైమ్ మ్యూట్‌హెచ్‌ని పనిలోకి దింపుతాయి. అది డామ్ గుర్తు వేసే జీఏటీసీ అనే నాలుగు బేస్‌ల వరుసలో జీకి సరిగ్గా ముందు, మిథైల్ లేని స్ట్రాండ్‌కే గాటు పెడుతుంది. ఆ జీఏటీసీ తప్పు జతకి వెయ్యి బేస్‌ల దూరంలో ఉన్నా పని జరుగుతుంది. గాటు దగ్గర నుంచి యూవీఆర్‌డీ హెలికేజ్ స్ట్రాండ్‌ని విప్పుకుంటూ పోతుంది. స్ట్రాండ్ రెండు కొసల్ని 5', 3' అంటారు; గాటు తప్పుకి 5' వైపు ఉంటే రెక్‌జే లేదా ఎక్సో 7, 3' వైపు ఉంటే ఎక్సో 1, 7, 10లలో ఏదో ఒక ఎంజైమ్ ఆ ముక్కని తినేస్తుంది. పాలిమరేజ్ 3 ఖాళీ నింపుతుంది, లైగేజ్ అతుకుతుంది.

డామ్ లేకపోతే మ్యూట్‌హెచ్‌కి రెండు స్ట్రాండ్లూ ఒకటే. సుమారు సగం సార్లు సరైన బేస్‌నే తీసేసి తప్పుని శాశ్వతం చేస్తుంది. ఒకే చోట రెండు వైపులా గాటు పడితే డీఎన్ఏ తెగిపోతుంది కూడా. అందుకే డామ్ మ్యూటెంట్లకి తప్పు జతల్ని పెంచే 2-అమైనోప్యూరిన్ పెడితే చస్తాయి; అదే కణంలో మ్యూట్ఎస్‌నో మ్యూట్ఎల్‌నో కూడా తీసేస్తే బతుకుతాయి. చంపేది రిపేరేనని ఇంతకన్నా స్పష్టంగా చూపించే ప్రయోగం లేదు.

డామ్ మరీ ఎక్కువైనా మ్యుటేషన్లు పెరుగుతాయి. కొత్త స్ట్రాండ్‌కి గుర్తు ముందే పడిపోతుంది, మ్యూట్‌హెచ్‌కి గాటు పెట్టే చోటుండదు. పరీక్షల్లో ఈ రెండోది చాలామంది వదిలేస్తారు.

జవాబు 2:
మనిషి కణాల సంగతి నేను చెబుతాను. మ్యూట్‌హెచ్ లేదు. తప్పు జతనీ, జత లేక ఉబ్బి ఉండే ఒకటి రెండు బేస్‌ల లూప్‌నీ ఎంఎస్‌హెచ్2-ఎంఎస్‌హెచ్6 ప్రోటీన్ల జంట పట్టుకుంటుంది. పెద్ద లూప్‌లకి ఎంఎస్‌హెచ్2-ఎంఎస్‌హెచ్3. కొత్త స్ట్రాండ్‌కి ఆనవాలు దానిలో అప్పటికే ఉన్న తెగిన కొసలు. ముక్కలు ముక్కలుగా తయారయ్యే లాగింగ్ స్ట్రాండ్‌లో ఒకజాకి ముక్కల మధ్య అవి దండిగా ఉంటాయి.

అసలు కీలకం పీసీఎన్ఏ, అంటే డీఎన్ఏ చుట్టూ రింగులా ఉండే ప్రోటీన్. ఆ రింగుకి రెండు ముఖాలూ ఒకేలా ఉండవు. రింగుని ఎక్కించే ప్రోటీన్ల గుంపు ఆర్‌ఎఫ్‌సీ దాన్ని 3' కొస దగ్గర ఒకే దిశలో తొడుగుతుంది. ఆ దిశని బట్టే ఎంఎల్‌హెచ్1-పీఎంఎస్2 జంట కొత్త స్ట్రాండ్‌కి మరిన్ని గాట్లు పెడుతుంది. కోసే భాగం పీఎంఎస్2లో ఉందని 2006లో పాల్ మోడ్రిచ్ బృందం చూపించింది. 2015 కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. తర్వాత ఎక్సో1 ఆ ముక్కని తొలగిస్తుంది, పాలిమరేజ్ డెల్టా నింపుతుంది, లైగేజ్ 1 అతుకుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. లించ్ సిండ్రోమ్ (ఈ రిపేర్ జీన్ల లోపంతో వంశపారంపర్యంగా వచ్చే క్యాన్సర్ ముప్పు) అనుమానంతో ట్యూమర్‌కి ఐహెచ్‌సీ (ప్రోటీన్ ఉందో లేదో రంగుతో చూసే పరీక్ష) చేస్తే ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 రెండూ కనిపించవంటారు. రెండు జీన్లూ పోయినట్టా?

జవాబు 2 రాసినవారు:
కాదు. ఎంఎల్‌హెచ్1 తోడు లేకపోతే పీఎంఎస్2 ప్రోటీన్ నిలవదు, కాబట్టి ఎంఎల్‌హెచ్1 జీన్ ఒక్కటే పోయినా రెండూ మాయమవుతాయి. పీఎంఎస్2 ఒక్కటే పోతే ఎంఎల్‌హెచ్1 మిగతా జతగాళ్లతో నిలుస్తుంది. ఎంఎస్‌హెచ్2, 6ల మధ్యా అంతే: 2 పోతే 6 కూడా పోతుంది, 6 పోతే 2 సాధారణంగా ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. పక్కనున్న లింఫోసైట్ల న్యూక్లియస్‌లకి రంగు పట్టకపోతే ఆ స్లైడ్‌ని నమ్మకండి, స్టెయినింగే ఫెయిలైంది. పెద్దపేగు ట్యూమర్‌లో ఎంఎల్‌హెచ్1 లేదనగానే వంశపారంపర్యం అనేయకూడదు. చాలా కేసుల్లో దాని ప్రమోటర్ (జీన్‌ని ఆన్ చేసే భాగం) మిథైలేట్ అయి జీన్ ఆగిపోయి ఉంటుంది. ముందు ఆ మిథైలేషన్, బీరాఫ్ జీన్‌లో వీ600ఈ మ్యుటేషన్ చూసి, తర్వాతే రక్తంతో జీన్ టెస్ట్‌కి వెళ్లాలి.