డెలిబరేట్ అంటే ఎప్పుడూ "కావాలని" అనేనా?

అనువాద కూలి:
నిన్న ఒక కథ అనువాదం సరిచూస్తూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ముసలాయన మెట్లు దిగుతున్నాడు, రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించాకే తర్వాతి మెట్టుకి. మూలంలో ఆ అడుగులకి డెలిబరేట్ అన్న మాట వాడారు. అనువాదంలో "కావాలని నెమ్మదిగా దిగాడు" అని ఉంది. చదివితే కింద ఎదురుచూస్తున్నవాళ్లని ఏడిపించడానికి దిగుతున్నట్టుంది! నేను "ఆచితూచి" అని దిద్దాను. అనువాదకుడు ససేమిరా అంటున్నాడు, డెలిబరేట్ అంటే కావాలని చేయడమేనట. మీరేమంటారు?

సూటిమాట:
నా ఓటు ఆయనకే. ఫుట్‌బాల్‌లో డెలిబరేట్‌గా బంతిని చేత్తో ఆపాడంటే కూర్చుని ఆలోచించి ఆపాడని కాదు కదా, పొరపాటున తగల్లేదు, కావాలనే ఆపాడని. ఈ మాట ఎక్కువగా వినబడేది ఇలాంటి చోటే. జనం ఏ అర్థంలో వాడితే అదే అర్థం.

పాత డిక్షనరీ:
మరి క్రియగా వాడినప్పుడో? కేసు విన్నాక జ్యూరీ తలుపులేసుకుని డెలిబరేట్ చేస్తుంది, అంటే సాక్ష్యాలు ముందేసుకుని తర్జనభర్జన పడుతుంది. అక్కడ "కావాలని" ఎక్కడ అతికిస్తారు? అసలు ఈ మాట లాటిన్‌లో త్రాసుకున్న పేరు లిబ్రా నుంచి వచ్చింది, తులారాశిని లిబ్రా అంటారే, అదే. మనం "తూచి మాట్లాడు" అనడంలో ఉన్నదీ ఆ త్రాసే. ఇంకోటి, ఇంగ్లిష్‌వాళ్లు క్రియని డెలిబరేట్ అని, విశేషణాన్ని డెలిబరట్ అని చివర పొట్టి చేసి పలుకుతారు. మనం రెంటినీ ఒకేలా రాసేసి తర్వాత కొట్టుకుంటాం.

సూటిమాట:
పుట్టుక చూసి అర్థం తేల్చడం కుదరదండీ. మర్యాద అంటే సంస్కృతంలో హద్దు. చుట్టాలకి మర్యాద చేశామంటే గుమ్మంలో గీత గీసి నిలబెట్టామనా? క్రియ సంగతి ఒప్పుకుంటా. ఇక్కడ గొడవ విశేషణం గురించి.

మూడో బెంచి:
విశేషణమే తీసుకుందాం. నల్లపిల్లల్ని, తెల్లపిల్లల్ని వేరు వేరు బడుల్లో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1954లో తేల్చింది (బ్రౌన్ కేసు). 1955లో ఎంత త్వరగా అమలు చేయాలో చెబుతూ "విత్ ఆల్ డెలిబరేట్ స్పీడ్" అంది. "కావాలని వేగంగా" అని అనువదిస్తారా? వేగంగానే, కానీ నిదానించి, ముందూ వెనకా చూసుకుని అని. దక్షిణాది రాష్ట్రాలు వేగాన్ని వదిలేసి నిదానాన్ని గట్టిగా పట్టుకున్నాయి, ఏళ్లకేళ్లు సాగదీశాయి. చివరికి 1969లో అదే కోర్టు, ఇక ఆ మాట చెల్లదు, వెంటనే కలపండి అనాల్సి వచ్చింది. ఒక్క విశేషణం ఖరీదు అది.

సూటిమాట:
ఇది గట్టి దెబ్బే, "కావాలని" వెనక్కి తీసుకుంటున్నా. అలాగని "ఆచితూచి"కీ ఒప్పుకోను. ఆచితూచి అడుగేయడం అంటాం గానీ అది వ్యాపారంలోనో రాజకీయంలోనో వేసే అడుగు, నిజం కాలితో వేసేది కాదు. మోకాళ్ల నొప్పులాయన మెట్టు మెట్టుకీ లాభనష్టాలు లెక్కేస్తాడా? "చూసుకుని చూసుకుని దిగాడు" అంటే చాలదూ?

అనువాద కూలి:
ఇది నాకెందుకు తట్టలేదో! ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. ఆయనకి మాత్రం "కావాలనే" కావాలట.